రెండుసార్లు కట్టిన పన్ను

ఈశ్వరీబాయి స్మృతిలో సికింద్రాబాద్ మెట్టుగూడలో చేసిన ప్రసంగ పాఠం



ఈశ్వరీబాయి గారి పేరు మీద మాట్లాడమంటే శాసనసభలో ఆమె గొంతు గురించి, 1969 తెలంగాణ ఉద్యమంలో ఆమె పాత్ర గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. ఆ కథ మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. నేను అంతకు ముందరి ఈశ్వరీబాయి దగ్గర ఆగుతాను.

ఆలుగడ్డబావి దాటితే చిలకలగూడ. ఇక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. 1918 డిసెంబర్ 1న ఆమె అక్కడ పుట్టారు. తండ్రి బల్లెపు బలరామస్వామి నిజాం రైల్వేలో ఉద్యోగి. ఎస్.పి.జి. మిషన్ బడిలో, ఆ తర్వాత కీస్ హైస్కూల్లో చదువుకున్నారు. చిన్న వయసులోనే పెళ్ళయింది. పూణేలో కాపురం నిలవలేదు. కూతురితో పుట్టింటి ఊరికి వచ్చి పరోపకారిణి పాఠశాలలో పంతులమ్మగా చేరారు. ఒంటరి తల్లి, టీచరు జీతం, అంటరాని కులం, 1940ల హైదరాబాద్. ఆ స్థితిలో ఉన్న మనిషి నాలుగు రాళ్ళు వెనకేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపరు. ఆమె బస్తీ పిల్లల కోసం బడి పెట్టారు. ఆడవాళ్ళను కూర్చోబెట్టి కుట్టుపని, చేతిపనులు నేర్పించారు. తర్వాత వచ్చిన పదవులన్నీ ఆ బడి అరుగు మీద నుంచి లేచినవే.

అలాంటి బడిని మన చరిత్రలో ఏ పద్దు కింద రాయాలి? ధర్మసత్రం కట్టించిన షావుకారును దాత అంటాం. గుడికి మాన్యం రాసిచ్చిన దేశ్‌ముఖ్ పేరు శిలాశాసనంలో ఉంటుంది. జీతం డబ్బు బడికి పెట్టిన పంతులమ్మను సంఘసేవకురాలు అని ఊరుకుంటాం. ఇక ఆ బడికి ఆఠానో రూపాయో చందా ఇచ్చిన ఖలాసీని, ఫైర్‌మన్‌ను, బండ్లు కడిగే మనిషిని ఏమీ అనం. వాళ్ళ పిల్లల పేర్లు మాత్రం ప్రభుత్వ దస్తావేజుల్లో కనిపిస్తాయి, లబ్ధిదారుల జాబితాలో. మన జనం పుచ్చుకున్న ప్రతి పైసాకూ లెక్క ఉంది. ఇచ్చినదానికి లేదు. ఇవాళ నేను ఆ ఇచ్చినవాళ్ళ గురించే మాట్లాడతాను.

హైదరాబాద్‌లో ఈ కథ మాదరి భాగయ్యతో మొదలవుతుంది. 1888 మే 22న పుట్టిన ఆ మనిషిని లోకం భాగ్యరెడ్డి వర్మగా ఎరుగుతుంది. పెద్ద ఆస్తి లేదు, పెద్ద చదువు లేదు. కుర్రతనంలో ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరినవాడు. 1906లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, జగన్మిత్ర మండలి పెట్టాడు. ఊరికే ఉపన్యాసాలు ఇస్తే బస్తీ జనం వినరని ఆయనకు తెలుసు. అందుకే భజన, హరికథ పట్టుకున్నాడు. పగలు పని, రాత్రి దీపం కింద హరికథ. కల్లు మానమని, చిన్నపిల్లలకు పెళ్ళి చేయవద్దని, ఆడపిల్లలను జోగినీలుగా వదలవద్దని ఆ కథల మధ్యనే చెప్పేవాడు. 1911లో అది మాన్య సంఘం అయింది. తర్వాతి దశాబ్దంలో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది.

బడులు 1910లో మొదలయ్యాయి. ఈసామియా బజార్‌లో ఒకటి, లింగంపల్లిలో ఒకటి. సర్కారు బడుల్లో చదువు ఉర్దూలో. తెలుగు మాట్లాడే మాల మాదిగ పిల్లవాడికి ఆ భాష రాదు, వచ్చినా పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు లేరు. వీళ్ళ బడుల్లో చదువు తెలుగులో. 1933 నాటికి అవి 26 బడులయ్యాయి, పిల్లలు రెండున్నర వేల దాకా వచ్చారు. 26 బడులంటే 26 చోట్ల అద్దె, 26 చోట్ల పంతుళ్ళ జీతం, పలకలు, బలపాలు, వానాకాలంలో కప్పు మరమ్మతు. ఇది నెల నెలా పడే ఖర్చు. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే దానంతో ఇది నడవదు. రాయ్ బాలముకుంద్, వామన్ నాయక్ వంటి ఉదారులైన హిందూ పెద్దలు అండగా నిలబడ్డారు, అది చెప్పకపోతే అన్యాయం. కానీ పలక పట్టుకున్న పిల్లవాడి వెనక ఉన్నది కూలి డబ్బు. దొరల బంగళాల్లో బట్లర్ల జీతం, తోలు పనివాళ్ళ సంపాదన, కంటోన్మెంట్‌లో, మిల్లుల్లో, రైల్వేలో పనిచేసిన చేతులు.

వీళ్ళు నిజాం ప్రభుత్వానికి పన్ను కట్టని మనుషులు కారు. ఉప్పు మీద, గుడ్డ మీద, తాగే కల్లు మీద కూడా సర్కారు వాటా తీసుకుంది. ఆ డబ్బుతో కట్టిన బడిలోకి వీళ్ళ పిల్లలకు దారి లేదు. కనుక సొంత బడికి మళ్ళీ చందా ఇచ్చుకున్నారు. ఒక చదువుకు రెండుసార్లు పన్ను కట్టిన జనం వీళ్ళు.

సరిగ్గా ఈ మాటే అమెరికా నల్లజాతి చదువుల గురించి జేమ్స్ ఆండర్సన్ అనే చరిత్రకారుడు అన్నాడు. దక్షిణాది రాష్ట్రాల్లో 1912 నుంచి 1932 దాకా నల్లజాతి పిల్లల కోసం అయిదు వేల దాకా బడులు లేచాయి. వాటిని ఇప్పటికీ రోజెన్‌వాల్డ్ బడులు అంటారు. జూలియస్ రోజెన్‌వాల్డ్ సియర్స్ కంపెనీ అధిపతి, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ మాట విని డబ్బిచ్చినవాడు. ఆయన మనసు మంచిది, ఆయన ఇచ్చింది 43 లక్షల డాలర్ల పైచిలుకు. అదే బడుల కోసం నల్లజాతి కుటుంబాలు ఇచ్చింది 47 లక్షల డాలర్ల పైచిలుకు! కౌలు రైతులు, బట్టలుతికేవాళ్ళు, పత్తి ఏరేవాళ్ళు ఇచ్చిన డబ్బు అది. దాని పైన స్థలం ఇచ్చారు, కలప మోశారు, గోడలు వాళ్ళే కట్టుకున్నారు. జిల్లా పన్నులు ఎటూ కడుతూనే ఉన్నారు. ఎక్కువ ఇచ్చినవాళ్ళ పేరు బడి మీద లేదు.

ఆ జనానికీ మనకూ ఉన్న చుట్టరికం నేను ఇవాళ కల్పిస్తున్నది కాదు. 1873లో జోతిబా ఫూలే గులామ్‌గిరి రాసి, నల్లజాతి బానిసలను విడిపించడానికి పాటుపడ్డ అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు, డుబాయిస్ జవాబిచ్చాడు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వాళ్ళు పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని బాబాసాహెబ్ అడిగాడు. రెండు గూడేలు దూరం నుంచే ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి.

అక్కడి వాళ్ళలో ఒకామె పేరు ఈ సభలో చెప్పాలి. ఒసియోలా మెకార్టీ. మిసిసిపి రాష్ట్రంలో హాటీస్‌బర్గ్ ఊరు. జబ్బు పడ్డ పిన్నమ్మను చూసుకోవడానికి ఆరో తరగతిలో బడి మానేసి, జీవితమంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి బతికింది. 1995లో, ఎనభై ఏడేళ్ళ వయసులో, తను దాచుకున్నదానిలో నుంచి లక్షా యాభై వేల డాలర్లు ఆ ఊరి విశ్వవిద్యాలయానికి, పేద పిల్లల స్కాలర్‌షిప్పుల కోసం ఇచ్చింది. 1965 దాకా నల్లజాతి పిల్లలను గేటు లోపలికి రానివ్వని విశ్వవిద్యాలయం అది. తనను రానివ్వని చోటికి తన తర్వాతివాళ్ళ ఫీజు కట్టింది. దీన్ని క్షమాగుణం అని పొగిడిన వ్యాసాలు నేను చదివాను. నాకు అది క్షమగా కనిపించదు. ఆ తలుపు మాది కూడా అని డబ్బు కట్టి చెప్పిన హక్కుగా కనిపిస్తుంది.

మన ఆడవాళ్ళు ఇలాంటి పని వంటింట్లో నుంచి చేశారు. తెలుగు క్రైస్తవ ఇళ్ళలో పెరిగినవాళ్ళకు పిడికెడు బియ్యం అంటే వివరించక్కర్లేదు. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరుతుంది. ఇంట్లో గింజలు చాలని రోజున కూడా ఆ పిడికెడు ఆగేది కాదు. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య నడిపిన సంఘంలో ఎక్కువమంది మాల మాదిగ కూలీలు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి పెద్ద గుడి, చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న గుళ్ళు, పంతుళ్ళ జీతాలు ఇలాంటి కానుకల మీద కూడా నిలబడ్డాయి. మిషనరీలు మనకు ఏమిచ్చారన్న వాదన వందేళ్ళుగా నడుస్తోంది. కానుక పళ్ళెంలో మన అవ్వలు ఏమేశారో అడిగినవాళ్ళు తక్కువ.

ఇక మన రైల్వే బస్తీల సంగతి. నేను ఈ క్వార్టర్లలోనే పెరిగాను. జీతాల రోజు సాయంత్రం రెండు రకాల మనుషులు గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. ఒకరు వడ్డీ వ్యాపారి. రెండోవారు సంఘం మనిషి, చంకలో రసీదు బుక్కు. వడ్డీ ఆయనకు వచ్చే నెల అని చెప్పి పంపినా, సంఘం ఆయనను మా నాన్న ఉత్త చేతులతో పంపేవాడు కాదు. ఎవరి పిల్లకో నర్సింగ్ సీటు, ఎవరిదో శవం ఊరికి పంపాలి, అంబేద్కర్ భవనం మీద రేకులు వేయాలి. అమ్మ చిట్టీ డబ్బు లెక్క చూసుకుంటూ విసుక్కునేది, తర్వాత తనే లోపలికి వెళ్ళి చిల్లర తెచ్చేది. ఈ హాల్లో ఉన్న ఎందరి ఫీజు అలా కట్టబడిందో మీకు తెలుసు, నాకు తెలుసు. కాగితం మీద మాత్రం లేదు.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. ఈ ఇచ్చే చేతులు ఎప్పుడూ ఒకే రసీదు బుక్కులో రాయలేదు. మన నాయకుల్లో భాగ్యరెడ్డి వర్మ ఒక వైపు, అరిగె రామస్వామి మరొక వైపు, బి.ఎస్. వెంకట్రావు ఇంకొక వైపు నిలబడ్డారు. మాలల సంఘాలు, మాదిగల సంఘాలు వేరువేరుగా నడిచాయి. 1967లో ఎల్లారెడ్డిలో ఈశ్వరీబాయి గెలిచింది టి.ఎన్. సదాలక్ష్మి మీద. ఇద్దరూ సికింద్రాబాద్ ఆడపిల్లలే, ఇద్దరూ కీస్ హైస్కూల్లో చదివినవాళ్ళే. బొల్లారం పెన్షన్‌పురాలో మెహతర్ ఇంట్లో పుట్టి శాసనసభ డిప్యూటీ స్పీకర్ అయిన సదాలక్ష్మి, ఆ తర్వాత బంధు సేవా మండలి ద్వారా తన జనానికి తను చేయగలిగింది చేసింది. వాళ్ళిద్దరి చేతులూ ఒకే పని మీద కలిసి ఉంటే ఈ జంట నగరాల బస్తీలు ఇంకెలా ఉండేవో అని నేను చాలాసార్లు అనుకుంటాను. విడివిడిగా చేసినదే ఇంత ఉంది.

1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. చదువుకున్నవాళ్ళు తమ జనం వైపు తిరిగి చూస్తారనుకుంటే, తమ కడుపు నింపుకునే గుమాస్తాల గుంపు తయారైందన్నది ఆయన బాధ. పే బ్యాక్ టు సొసైటీ అని మనం ఇవాళ అనే మాట వెనక ఆ రోజు ఉంది. 1978 డిసెంబర్ 6న కాన్షీరాం బామ్‌సెఫ్‌ను మొదలుపెట్టినప్పుడు ఉద్యోగులను అడిగింది ఇదే: మీ డబ్బు, మీ సమయం, మీ బుద్ధి. మన దగ్గర సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి బయటికి వచ్చిన స్వేరోలు ఈ మాటను కొత్త తరం నోట పలికిస్తున్నారు. తన ఉద్యోగపు మొదటి నెల జీతంలో నుంచి చెల్లెలి వయసు పిల్లకు కోచింగ్ ఫీజు కట్టిన కుర్రవాళ్ళను నేను ఎరుగుదును. మనసు నిండుతుంది.

మనసు కలుక్కుమనే సంగతీ ఉంది. ఏప్రిల్ 14కు మన బస్తీల్లో వసూలయ్యే చందాలో ఎంత ఫ్లెక్సీలకు పోతోంది, ఎంత డీజేకు పోతోంది? జయంతి ఘనంగా చేయవద్దని నేను అనను. వందల ఏళ్ళు తల వంచుకు నడిచిన వీధిలో బాజాతో నడవడం కూడా మన హక్కే. కానీ ఆ వసూలులో సగం పదో తరగతి పిల్లల పేరు మీద బ్యాంకులో వేసి, ఆ లెక్కను అదే ఫ్లెక్సీ మీద అచ్చు వేయమని యువజన సంఘాల తమ్ముళ్ళను అడుగుతున్నాను. బస్తీ దాటి కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్న మా వయసు వాళ్ళను ఇంకా గట్టిగా అడుగుతున్నాను. ఆగ్రాలో ఆయన అన్నది మనల్నే.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. మనమే ఇచ్చుకుంటూ పోతే సర్కారు బాధ్యత ఏమైనట్టు? మీ పిల్లలను మీరే చదివించుకుంటున్నారుగా అని స్కాలర్‌షిప్పులు ఆపితే? ఈ భయం నిజమైనదే. దీనికి మన పెద్దలు మాటల్లో కాదు, పనిలో జవాబు చెప్పారు. భాగ్యరెడ్డి వర్మ బడులు పెట్టింది సర్కారును తప్పించడానికి కాదు, సిగ్గుపడేలా చేయడానికి. ఈ పిల్లలు చదవరు, చదవలేరు అని ఇక ఎవరూ అనలేని విధంగా రెండున్నర వేలమందిని చదివించి చూపించాడు. చివరికి నిజాం ప్రభుత్వం ఆ బడులను తన చేతిలోకి తీసుకుంది. కొందరు దీన్ని సంఘం పోగొట్టుకున్నదిగా చెబుతారు. నేను ఒప్పుకోను. రెండోసారి కట్టిన పన్ను అలా ప్రభుత్వం ఖాతాలోకి మారింది. ఆయన గెలిచాడు. పోయిందల్లా ఆ బడులకు చందా ఇచ్చినవాళ్ళ పేర్లు.

బి.ఎస్. వెంకట్రావుది కూడా ఇదే దారి. పూణేలో పనిచేస్తూ ఫూలే ఆలోచన తెలుసుకున్నాడు, తిరిగొచ్చి 1922లో ఆది ద్రావిడ సంఘం పెట్టాడు, జనం ఆయన్ను హైదరాబాద్ అంబేద్కర్ అన్నారు. నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యాడు. ఆ మంత్రివర్గంలో చేరడం మీద ఆయన్ను తప్పుపట్టినవాళ్ళు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన అణగారిన వర్గాల చదువు కోసం కోటి రూపాయల నిధి మంజూరు చేయించాడు. ఆనాటి కోటి! ఔరంగాబాద్‌లో బాబాసాహెబ్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిన కాలేజీకి, ఇప్పటి మిలింద్ కాలేజీకి, అప్పు అందింది ఆ నిధి నుంచే. హైదరాబాద్ రాజ్యంలో కూలివాడు కట్టిన మొదటి పన్ను అలా కొంత తిరిగి వచ్చింది.

ఈశ్వరీబాయి బడి నుంచి మున్సిపాలిటీకి నడిచింది కూడా ఈ వరసలోనే. 1951లో చిలకలగూడ నుంచి కౌన్సిలర్‌గా గెలిచారు. బడిలో తన జీతం ఇచ్చిన మనిషి, కౌన్సిల్లో బస్తీ కట్టిన పన్ను ఏదని అడిగింది. ఇచ్చినవాళ్ళకు అడిగే గొంతు వస్తుంది. శాసనసభలో ఆమె గొంతుకు అంత బలం ఎక్కడిదని ఆశ్చర్యపోయే వాళ్ళకు నా జవాబు ఇది.

చివరగా మిమ్మల్ని ఒక పని అడగడానికి వచ్చాను, దానికి ముందు ఒక పాత సంగతి. 1793లో ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం వచ్చి ఊరు ఖాళీ అవుతుంటే, రిచర్డ్ అలెన్, అబ్సలామ్ జోన్స్ అనే ఇద్దరు నల్లజాతి పెద్దలు ఆరేళ్ళ కిందట తాము పెట్టుకున్న ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ మనుషులను తీసుకుని రోగులకు సేవ చేశారు, శవాలు మోశారు. జ్వరం తగ్గాక ఒక తెల్ల ప్రచురణకర్త నల్లవాళ్ళు ఆ అదనులో దోచుకున్నారని రాశాడు. అలెన్, జోన్స్ మరుసటి ఏడాదే చిన్న పుస్తకం అచ్చువేసి, తమకు వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అని పద్దులతో సహా చూపించారు. వచ్చినదానికంటే ఖర్చే ఎక్కువ. లెక్క రాసి పెట్టుకున్నారు కాబట్టి ఆ నింద ఆనాడే తేలిపోయింది. డుబాయిస్ ఆ పనినే పెద్ద ఎత్తున చేశాడు. 1898లో ఒకసారి, 1909లో మరోసారి, అట్లాంటా విశ్వవిద్యాలయం నుంచి నల్లజాతి చర్చిలు, సహాయక సంఘాలు, అనాథాశ్రమాలు తమ జనం కోసం ఏం చేశాయో వివరాలు సేకరించి అచ్చు వేయించాడు. ఇవాళ అక్కడి పరిశోధకులు నల్లజాతి దాతృత్వం మీద పుస్తకాలు రాస్తున్నారంటే పునాదిలో ఆ లెక్కలున్నాయి.

మనకు అలాంటి లెక్కల పుస్తకం లేదు, దాన్ని మనమే తయారు చేసుకోవాలి. సరుకు మాత్రం ఉంది, ఈ చుట్టుపక్కల ఇళ్ళలోనే. చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడ, సీతాఫల్‌మండి, ఘాస్‌మండి, బొల్లారం. ఇనప పెట్టెల అడుగున, అటక మీద, పాత భజన పుస్తకాల మధ్య. సంఘం రసీదు బుక్కులు, చందా పుస్తకాలు, మీటింగు మినిట్స్, పెళ్ళికీ చావుకీ ఇచ్చిన సాయం రాసుకున్న నోటు పుస్తకాలు, గుడి కానుకల రిజిస్టర్లు, జయంతి కరపత్రాలు. కొన్ని ఉర్దూలో ఉంటాయి, కొన్ని ఇంగ్లీషులో, ఎక్కువ వాటిలో సంతకం చోట వేలిముద్ర ఉంటుంది. ఉర్దూ చదివిపెట్టడానికి ఇద్దరు మిత్రులు సిద్ధంగా ఉన్నారు. అసలు కాగితం మేం ఉంచుకోం. మీ ముందే ఫొటో తీసి మీ చేతికే ఇచ్చేస్తాం. పేరు అచ్చులో రావద్దనుకునే కుటుంబాలు చెబితే రాయం.

కాగితం లేని ఇళ్ళలో మనుషులున్నారు. డెబ్భై దాటిన అవ్వలను, తాతలను కూర్చోబెట్టి అడగండి: మీ నాన్న ఏ సంఘానికి చందా కట్టేవాడు, ఎంత, ఎవరి చేతికి, అది దేనికి ఖర్చు పెట్టారు? ఫోనులో రికార్డు చేయండి. ఈ పని డిగ్రీ పిల్లలు చేస్తే నాకు సంతోషం, ఎందుకంటే వాళ్ళ ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకే ముందు తెలుస్తుంది.

సభ అయ్యాక తలుపు పక్కన బల్ల మీద ఒక రిజిస్టరు ఉంటుంది. మీ ఇంట్లో ఏముందో, ఎప్పుడు రమ్మంటారో అందులో రాసి వెళ్ళండి. అట్ట చిరిగినా, సగం పేజీలు చెదలు తిన్నా, మిగిలిన సగం మాకు కావాలి.